సూర్యుడు విసిరే కణాలను పట్టే పరికరాలు: రాయగడ ఆదివారం క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని మా రాయగడలో ఆదివారం అంటే మజ్జిగౌరమ్మ గుడి దగ్గర రద్దీ. పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి రైళ్ళలో, బస్సుల్లో జనం దిగుతుంటారు. అదే సమయానికి మా మేడ మీద చుట్టుపక్కల తెలుగు ఇళ్ళ పిల్లలు చేరతారు. బడిలో వాళ్ళ చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు. సైన్సు గురించి ఇంటి భాషలో మాట్లాడుకునే అవకాశం వీళ్ళకు రావడం లేదని నాకు ఎప్పటి నుంచో బెంగ. సూర్యుడిని చూడటానికి ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 నౌక ఎగిరిన దగ్గర నుంచి పిల్లలూ, వాళ్ళను దింపడానికి వచ్చిన అమ్మలూ తాతలూ అడిగిన ప్రశ్నల్లో మళ్ళీ మళ్ళీ వచ్చినవి ఇక్కడ రాస్తున్నాను.

మాస్టారూ, సూర్యుడి నుంచి వచ్చేది వెలుగే కదా? ఈ కణాలేమిటి?

వెలుగుతో పాటు పదార్థం కూడా వస్తుంది. సూర్యుడి పై వాతావరణం ఎంత వేడిగా ఉంటుందంటే అక్కడ పరమాణువులు పరమాణువులుగా నిలవవు. ఎలక్ట్రాన్లు ఊడిపోయి ప్రోటాన్లు, హీలియం కేంద్రకాలు విడివిడిగా తిరుగుతుంటాయి. వాటిలో కొన్ని ఎప్పుడూ బయటికి పారుతూనే ఉంటాయి. దాన్ని సౌరపవనం అంటాం. దాని వేగం సుమారుగా సెకనుకు 400 కిలోమీటర్లు. అంటే సూర్యుడి దగ్గర బయల్దేరితే మన దాకా రావడానికి నాలుగు రోజులు పడుతుంది.

ఈ పేజీలో మాట్లాడుకునేవి అవి కావు. అప్పుడప్పుడు సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగినప్పుడు కొన్ని కణాలకు విపరీతమైన తోపు తగులుతుంది. వాటి శక్తిని మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెప్తారు. ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే కణాల శక్తిని కొలిచే చాలా చిన్న కొలత, ఒక మెగా అంటే పది లక్షలు. 1 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రోటాన్ సెకనుకు దాదాపు 13,800 కిలోమీటర్లు పోతుంది. 10 మెగా అయితే దాదాపు 43,000 కిలోమీటర్లు. వెలుగు 8 నిమిషాల 20 సెకన్లలో వచ్చే దూరానికి ఈ 10 మెగా ప్రోటాన్‌కు దాదాపు గంట పడుతుంది. దారి తిన్నగా ఉండదు కాబట్టి ఇంకొంచెం ఆలస్యం. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతూ ఉండటం వల్ల అయస్కాంత క్షేత్ర రేఖలు వంపు తిరిగి ఉంటాయి. విద్యుదావేశం ఉన్న కణాలు ఆ వంపు వెంటే రావాలి.

వాటిని అంతగా తోసేది ఏది?

రెండు దారులు బాగా తెలుసు. ఒకటి సౌరజ్వాల. అయస్కాంత రేఖలు తెగి మళ్ళీ అతుక్కునే చోట కణాలకు వేగం వస్తుంది. రెండోది సీఎంఈ, అంటే కరోనల్ మాస్ ఎజెక్షన్. కోట్లాది టన్నుల వేడి పదార్థం ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. దాని ముందు షాక్ అల ఏర్పడుతుంది. ఆ అల దగ్గర కణాలు అటూ ఇటూ కొట్టుకుంటూ, కొట్టుకున్న ప్రతిసారీ కొంత శక్తి పోగేసుకుంటాయి. పెద్ద పెద్ద కణాల తుఫానులు ఎక్కువగా ఈ రెండో రకానివే. రోజుల తరబడి సాగుతాయి. మొదటి రకం గంటల్లో ముగుస్తుంది.

ఈ రెండింటినీ వేరు చేయడానికి హీలియం-3 భలే ఆధారం. మామూలు సౌరపవనంలో పదివేల హీలియం-4లకు హీలియం-3లు నాలుగైదు మాత్రమే ఉంటాయి. చిన్న జ్వాలల నుంచి వచ్చిన కొన్ని గుంపుల్లో మాత్రం హీలియం-3, హీలియం-4ను మించిపోతుంది. రెండూ హీలియమే, బరువులో ఒక్క న్యూట్రాన్ తేడా. ఆ తేడాను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న పరికరం పట్టుకుని మనకు చెప్తోందంటే, ఇన్నేళ్ళుగా పాఠం చెప్తున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ పరికరం కెమెరా లాంటిదా?

కాదు. అందరూ మొదట ఇదే అనుకుంటారు. అది ఫొటో తీయదు. ఒక్కొక్క కణాన్నీ ఆపి మూడు సంగతులు అడుగుతుంది: నువ్వు ఏ కణానివి, నీ శక్తి ఎంత, ఏ దిక్కు నుంచి వచ్చావు. సెకనుకు వేల కణాలు వస్తున్నా ఒక్కొక్కదాన్నీ విడిగా అడగాల్సిందే.

ఇది ఎలాగో చూపించడానికి నేను క్లాసులో ఒక పాత క్యాలిక్యులేటర్ వాడతాను. దాని పైన ముదురు రంగు సోలార్ పట్టీ ఉంటుంది కదా, దాన్ని ఊడదీసి రెండు తీగలు మల్టీమీటర్‌కు కలిపి ఎండలో పెడతాం. అంకె పెరుగుతుంది. అరచేయి అడ్డం పెడితే పడిపోతుంది. ఆ పట్టీ సిలికాన్‌తో చేసింది. వెలుగు తగలగానే లోపలి ఎలక్ట్రాన్లు కదిలి కరెంటు పుడుతుంది. అంతరిక్షంలో కణాలను పట్టే బిళ్ళ కూడా సిలికానే. అక్కడ వెలుగుకు బదులు ప్రోటాన్ వచ్చి దూసుకుపోతుంది. దారి పొడవునా ఎలక్ట్రాన్లను ఊడగొడుతూ పోతుంది. సిలికాన్‌లో ఒక్క ఎలక్ట్రాన్‌ను అలా విడిపించడానికి సగటున 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చవుతాయి. కాబట్టి 1 మెగా ప్రోటాన్ ఆగిపోయేలోపు రెండు లక్షల 80 వేల దాకా ఎలక్ట్రాన్లు విడిపోతాయి. వాటిని పోగుచేసి ఒక చిన్న విద్యుత్ పల్స్‌గా మారుస్తారు. పల్స్ ఎంత ఎత్తు ఉంటే కణం శక్తి అంత.

ఒక చిన్నమ్మాయి వెంటనే అడిగింది: "మరి ఎండ కూడా దాని మీద పడుతుంది కదా, అప్పుడు తప్పు లెక్క వస్తుంది కదా?" సరైన ప్రశ్న. అందుకే బిళ్ళ మీద పల్చటి అల్యూమినియం పూత వేస్తారు, లేదా ముందు పల్చటి రేకు కడతారు. వెలుగు ఆగిపోతుంది, కణం దూరిపోతుంది. ఆ పూత మందం ఎక్కువైతే తక్కువ శక్తి ఉన్న కణాలు అందులోనే ఇరుక్కుపోతాయి. ఎంత మందం పెట్టాలన్నది తయారుచేసేవాళ్ళ తలనొప్పి.

శక్తి తెలిసింది సరే. ప్రోటానో హీలియమో ఎలా తెలుస్తుంది?

శక్తి ఒక్కటే కొలిస్తే తెలియదు. అందుకే రెండు బిళ్ళలు ఒకదాని వెనక ఒకటి పెడతారు. ముందుది పల్చనిది, వెనకది మందమైనది. కణం ముందు బిళ్ళను దాటుతూ కొంత శక్తి పోగొట్టుకుని, మిగిలినదంతా వెనక బిళ్ళలో వదిలి ఆగిపోతుంది. ఒకే వేగంతో వచ్చినా రెండు ఆవేశాలున్న హీలియం, ఒక ఆవేశం ఉన్న ప్రోటాన్ కంటే ముందు బిళ్ళలో నాలుగు రెట్లు శక్తి వదులుతుంది. ముందు బిళ్ళ లెక్కను, మొత్తం లెక్కను గ్రాఫ్ మీద పెడితే ఒక్కో మూలకానికీ ఒక్కో వంపు గీత వస్తుంది. ప్రోటాన్లది కింద, హీలియం దాని పైన, ఆక్సిజన్, ఇనుము ఇంకా పైన.

ఇక్కడ మందం అంటే ఎంతో ఊహించండి. 1 మెగా ప్రోటాన్ సిలికాన్‌లో 16 మైక్రాన్లకే ఆగిపోతుంది. తల వెంట్రుక మందం కూడా దానికంటే ఎక్కువ. 10 మెగా ప్రోటాన్ 0.7 మిల్లీమీటర్ల దాకా పోతుంది.

తక్కువ శక్తి కణాలకు ఇంకో ఉపాయం ఉంది. మన కళ్ళాల్లో ధాన్యం తూర్పారబడతారు కదా. గాలికి తాలు దూరంగా పోతుంది, గట్టి గింజ దగ్గరే పడుతుంది. ఒకే గాలి, బరువును బట్టి వేరువేరు పోత. ఇక్కడా అలాంటిదే: ఒకే శక్తి ఉన్న రెండు కణాల్లో బరువైనది నెమ్మదిగా పోతుంది. కాబట్టి పరుగు సమయం కొలిస్తే చాలు. దారిలో నానోమీటర్లలో కొలిచేంత పల్చటి కార్బన్ పొర పెడతారు. కణం దాన్ని చీల్చుకు పోతున్నప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు చిందుతాయి. వాటిని సన్నటి గాజు గొట్టాల పలక ఒకటి లక్షల రెట్లు పెంచి 'మొదలు' సంకేతం ఇస్తుంది. అవతలి చివర ఇలాగే 'ఆగింది' సంకేతం. 10 సెంటీమీటర్ల దారిని 1 మెగా ప్రోటాన్ దాటడానికి 7 నానోసెకన్లు పడుతుంది. ఒక నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. అంత చిన్న సమయాన్ని కొలిచే గడియారం ఉండాలి, అది కూడా రాకెట్ కుదుపులు తట్టుకుని పనిచేయాలి.

ఎలక్ట్రాన్లను ప్రోటాన్ల నుంచి ఎలా విడదీస్తారు?

యూరప్ వాళ్ళ సోలార్ ఆర్బిటర్‌లో ఒక చక్కని పద్ధతి ఉంది. ఒక కిటికీకి పల్చటి రేకు కట్టారు. తక్కువ శక్తి ప్రోటాన్లు అందులో ఆగిపోతాయి, ఎలక్ట్రాన్లు దాటుతాయి. ఇంకో కిటికీకి అయస్కాంతం పెట్టారు. ఎలక్ట్రాన్లు తేలిక కాబట్టి పక్కకు తిరిగిపోతాయి, ప్రోటాన్లు తిన్నగా పోతాయి.

మన ఆదిత్యలో ఇలాంటిది ఉందా?

ఉంది. ఇది చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబర్ 2న మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ57 మీద వెళ్ళింది. 2024 జనవరి 6న ఎల్1 చుట్టూ కక్ష్యలో చేరింది. ఎల్1 అంటే భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న చోటు. అక్కడి నుంచి సూర్యుడిని గ్రహణం అడ్డు లేకుండా ఎప్పుడూ చూడొచ్చు.

అందులో మొత్తం ఏడు పరికరాలు. వార్తల్లో ఫొటోలు తీసేవాటి పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. కణాలను పట్టేవాటి గురించి అంతగా రాయరు, అది నాకు లోటుగా అనిపిస్తుంది. వాటిలో ఆస్పెక్స్ అనేది అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ తయారుచేసింది. దానికి రెండు భాగాలు. స్విస్ అనేది నెమ్మదైన సౌరపవనం చూస్తుంది. స్టెప్స్ అనేది 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి పైకి, కొన్ని మెగాల దాకా ఉన్న కణాలను చూస్తుంది. స్టెప్స్‌కు ఆరు కళ్ళు, ఆరు దిక్కులకు తిప్పి పెట్టారు. ఒకటి సూర్యుడి వైపు, ఇంకొకటి ఇందాక చెప్పిన వంపు రేఖ వైపు, ఒకటి భూమి వైపు. కణాలు అన్ని దిక్కుల నుంచీ సమానంగా వస్తున్నాయా, ఒకే ధారగా వస్తున్నాయా అన్నది ఇలా ఆరు వైపులా చూస్తేనే తెలుస్తుంది. ఎల్1 చేరక ముందే, 2023 సెప్టెంబర్ 10న, భూమికి 50,000 కిలోమీటర్లు దాటిన చోట స్టెప్స్‌ను ఆన్ చేశారు. దారి పొడవునా లెక్క రాసుకుంటూనే వెళ్ళింది.

పాపా అనే ఇంకో పరికరం తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్ వాళ్ళది, సౌరపవనం కోసం. అయస్కాంత క్షేత్రం కొలిచేదాన్ని 6 మీటర్ల పొడవైన చేతికి కట్టారు, నౌక సొంత అయస్కాంతత్వం దానికి తగలకుండా.

మనవాళ్ళు అంతరిక్షంలో కణాలు పట్టడం ఇదే మొదటిసారి కాదు. 1985లో అమెరికా చాలెంజర్ షటిల్‌లో, స్పేస్‌ల్యాబ్-3 అనే ప్రయోగశాలతో పాటు మన 'అనురాధ' ప్రయోగం వెళ్ళింది. అందులో ఎలక్ట్రానిక్ బిళ్ళలు కావు, సీఆర్-39 అనే ప్లాస్టిక్ పలకలు వాడారు. కళ్ళద్దాల లెన్సులు చేసే ప్లాస్టిక్కే అది. కణం దూసుకెళ్ళిన చోట కంటికి కనిపించని మచ్చ పడుతుంది. తర్వాత ఆ పలకను కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడితే ఆ మచ్చ గుంటగా మారుతుంది, మైక్రోస్కోప్‌లో చూసి లెక్కపెట్టొచ్చు. మా తాతగారి కళ్ళజోడు చేతిలో పట్టుకుని ఈ కథ చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

తుఫాను వచ్చినప్పుడు అన్ని కణాలు ఒకేసారి పడితే?

రేకుల ఇంట్లో ఉన్నవాళ్ళకు దీని జవాబు తెలుసు. తుంపర పడేటప్పుడు ఒక్కో చినుకు టక్కుమనడం విడిగా వినిపిస్తుంది, లెక్కపెట్టొచ్చు. కుంభవృష్టిలో హోరు తప్ప ఏమీ తెలియదు. పరికరానికీ అదే కష్టం. ఒక పల్స్ ముగిసేలోపు ఇంకోటి వస్తే రెండూ కలిసి ఒక పెద్ద కణంలా కనిపిస్తాయి. పైగా ఒక్కో కణాన్ని లెక్క రాసుకునే కాసేపు మరోదాన్ని చూడలేదు. అంటే సరిగ్గా మనకు లెక్క కావలసిన రోజే లెక్క తప్పే ప్రమాదం. అందుకే పెద్ద బిళ్ళ పక్కనే గోరంత చిన్న బిళ్ళ కూడా పెడతారు, ఉధృతి పెరిగితే చిన్నదాని లెక్కే నమ్ముతారు. కొన్ని పరికరాలు తుఫాను ముదిరితే తేలిక కణాలను వదిలేసి బరువైనవాటినే రాసుకుంటాయి.

ఒక్కోసారి పరికరమే బలైపోతుంది. అంగారకుడి చుట్టూ తిరిగే మార్స్ ఒడిస్సీలో రేడియేషన్ కొలవడానికే పెట్టిన మేరీ అనే పరికరం, 2003 అక్టోబర్ చివర వచ్చిన మహా తుఫానులో పనిచేయడం ఆగిపోయింది. 2000 జూలై 14 తుఫానప్పుడు సోహో అనే సూర్యుడిని చూసే నౌక తీసిన బొమ్మల నిండా తెల్ల చుక్కలు, మంచు కురిసినట్టు. అవన్నీ కెమెరా చిప్‌కు తగిలిన ప్రోటాన్లు.

పరికరం సరిగ్గా కొలుస్తోందని ఎలా నమ్మాలి?

పంపేముందు తెలిసిన కణంతో పరీక్షిస్తారు. అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే ఆల్ఫా కణానికి ముఖ్యంగా ఉండే శక్తి 5.486 మెగా. పరికరం కూడా అదే అంకె చూపించాలి. కిరాణా కొట్లో కాటాను తెలిసిన రాయితో సరిచూసినట్టే. ఇంకా ఎక్కువ శక్తుల కోసం యాక్సిలరేటర్‌లో కణాల ధార కింద పెట్టి చూస్తారు.

సూర్యుడికి బాగా దగ్గరగా వెళ్ళింది ఏది?

నాసా వాళ్ళ పార్కర్ సోలార్ ప్రోబ్. 2018 ఆగస్టులో బయల్దేరి 2024 డిసెంబర్ 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దూరం దాకా పోయింది. 11.4 సెంటీమీటర్ల మందం ఉన్న కార్బన్ డాలు నీడలో దాని పరికరాలు చల్లగా ఉంటాయి. ఇలాంటి ఎక్కువ శక్తి కణాలను పట్టేవి అందులో రెండున్నాయి. ఒకటి ఎపి-లో. చూడటానికి అచ్చం తామరకాయ. గుండ్రటి బుర్ర, దాని మీద 80 చిన్న కన్నాలు. ఒక్కో కన్నం ఒక్కో దిక్కు చూస్తుంది.

అంత దగ్గరికి ఎందుకు వెళ్ళాలి అంటే, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఒకేసారి బయల్దేరిన బైకు, బస్సు, సైకిలు అనుకోండి. గుడి దాటగానే వచ్చే మలుపు దగ్గర నిలబడితే మూడూ కలిసే కనిపిస్తాయి. పార్వతీపురంలో నిలబడితే బైకు ముందు, బస్సు తర్వాత, సైకిలు సాయంత్రానికి. వాళ్ళ వేగాలు తెలిస్తే వచ్చిన సమయాలను బట్టి ఎప్పుడు బయల్దేరారో వెనక్కి లెక్క కట్టొచ్చు. భూమి దగ్గరి పరికరాలు ఇలాగే లెక్క కడతాయి. కాకపోతే దారిలో అయస్కాంత గతుకులకు తగిలి కణాలు చెదిరిపోతాయి, లెక్క మసకబారుతుంది. దగ్గరికి వెళ్తే గతుకులు తక్కువ, మూలం స్పష్టంగా తెలుస్తుంది.

ఇవి మనకు ముందుగా హెచ్చరిక ఇస్తాయా?

కొంత వరకే. సీఎంఈ లాంటి నెమ్మదైన మేఘం ఎల్1 దాటాక మన దగ్గరికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఆ వ్యవధి చాలా విలువైనది. కానీ 10 మెగా ప్రోటాన్ ఎల్1 నుంచి భూమికి 35 సెకన్లలో వచ్చేస్తుంది. అక్కడ ఒక తెలివైన దారి కనిపెట్టారు. ఎలక్ట్రాన్లు ప్రోటాన్ల కంటే తేలిక కాబట్టి ముందే వచ్చేస్తాయి. 1995 డిసెంబర్‌లో ఎగిరిన సోహోలోని కణ పరికరం ఎలక్ట్రాన్ల పెరుగుదల చూసి, వెనక వచ్చే ప్రోటాన్ల సంగతి గంట దాకా ముందే చెప్పగలదని తేలింది. వ్యోమగాములకు ఆ గంట చాలు, నౌకలో గోడలు మందంగా ఉన్న చోటికి చేరుకోవడానికి. 1972 ఆగస్టులో చాలా పెద్ద కణాల తుఫాను వచ్చింది. అపోలో-16 ఏప్రిల్‌లోనే తిరిగొచ్చేసింది, అపోలో-17 డిసెంబర్‌లో వెళ్ళింది. మధ్యలో ఎవరూ చంద్రుడి మీద లేకపోవడం అదృష్టం.

నాయనా, రాత్రి ఫోను పక్కన పెట్టుకుంటే ఈ కిరణాలు తగులుతాయని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

కాదమ్మా. మా అమ్మ కూడా ఆ మెసేజ్ చూసి రాత్రంతా ఫోను ఆపేసి, ఊళ్ళో ఉన్న మా చెల్లి అత్యవసరంగా చేస్తే అందలేదు. అప్పటి నుంచి ఈ ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్తున్నాను. ఫోనుకూ ఈ కణాలకూ సంబంధం లేదు. పైన గాలి దుప్పటిలా ఉంది. దానికి తోడు భూమి అయస్కాంత క్షేత్రం మన లాంటి భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలను గట్టిగా కాస్తుంది. వెయ్యి కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కణం అయితేనే ఇక్కడికి దూరగలదు. సూర్యుడి కణాలు అంత శక్తితో రావడం చాలా అరుదు. ధ్రువాల దగ్గర ఆ కాపలా పలచన, అందుకే ఆ దారిలో వెళ్ళే విమానాలను తుఫాను వేళల్లో మళ్ళిస్తారు. ఉపగ్రహాల మెమరీలో 0 కాస్తా 1 అయిపోవడం లాంటి ఇబ్బందులూ నిజమే.

2024 మే 10, 11 తేదీల్లో లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. రాయగడలో ఎవరికీ ఏమీ కనిపించలేదు, ఎవరికీ ఏమీ కాలేదు.

మా అబ్బాయి ఈ రంగంలోకి వెళ్ళాలంటే?

ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్, రెండూ బాగా చదవాలి. దగ్గరలో బరంపురంలో ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ ఉంది, తిరువనంతపురంలో అంతరిక్ష విద్యకే ఐఐఎస్‌టీ ఉంది. టంకం పెట్టడం, మల్టీమీటర్ వాడటం ఇప్పటి నుంచే నేర్పండి. ఈ పరికరాలు పుట్టేది చేతి పని తెలిసినవాళ్ళ దగ్గరే.

ఇంట్లో కూర్చుని ఆ లెక్కలు చూడొచ్చా?

చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆదిత్య డేటాను ఇస్రో అందరికీ ఇస్తోంది, అయితే అది కాస్త పెద్ద తరగతుల వాళ్ళకు. చిన్నవాళ్ళు అమెరికా గోస్ ఉపగ్రహాల ప్రోటాన్ గ్రాఫ్‌తో మొదలుపెట్టండి. అవి 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఐదు నిమిషాలకోసారి కొత్త చుక్క పడుతుంది. 10 మెగా దాటిన ప్రోటాన్ల గీత మామూలు రోజుల్లో కింద పాకుతుంటుంది. అది 10 అనే అంకె తాకితే ఎస్1 తుఫాను, 100 తాకితే ఎస్2, అలా పదేసి రెట్లు పెరుగుతూ ఎస్5 దాకా. అదే గ్రాఫ్‌లో 100 మెగా దాటిన ప్రోటాన్లకు వేరే గీత ఉంటుంది. ఈసారి తుఫాను వచ్చినప్పుడు ఏ గీత ముందు లేచిందో, రెండింటికీ మధ్య ఎన్ని నిమిషాల తేడా ఉందో నోట్‌బుక్‌లో రాసుకుని ఆదివారం తీసుకురండి. అవి ఎప్పుడు బయల్దేరాయో అందరం కలిసి లెక్క కడదాం.